కారు లేనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి: రవాణా మంత్రులకు, నగర పాలకులకు, రోడ్ల ఇంజినీర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా మంత్రులకు, మేయర్లకు, నగర పాలక సంస్థల అధికారులకు, రోడ్లు డిజైన్ చేసే ఇంజినీర్లకు,

నమస్కారం. రోడ్డు తవ్వితే ఒకరు తిడతారు, తవ్వకపోతే ఇంకొకరు తిడతారు. ఆ మధ్యలో నిలబడి పనిచేయడం తేలిక కాదని మాకు తెలుసు. అందుకే మొదట మీ ఆఫీసుల గుమ్మమే తొక్కాం.

మేం రోజూ బస్సెక్కేవాళ్లం, నడిచేవాళ్లం, సైకిల్ తొక్కేవాళ్లం. మాలో కొందరికి కారు కూడా ఉంది. రోడ్డు వెడల్పు పనుల్లో మేం నడిచే ఫుట్‌పాత్ పోయింది. బస్టాప్‌ను జీబ్రా క్రాసింగ్‌కు దూరంగా జరిపారు. సంబంధిత కార్యాలయంలో వినతిపత్రం ఇస్తే "పరిశీలనలో ఉంది" అన్నారు. మళ్లీ ఇచ్చాం, మళ్లీ అదే మాట. కొన్నాళ్లకు "భవిష్యత్ రవాణా" మీద ప్రజాభిప్రాయ సేకరణ అని పిలిస్తే ఆశగా వెళ్లాం. ఎలక్ట్రిక్ కార్ల గురించి చెప్పారు, ఛార్జింగ్ స్టేషన్ల గురించి చెప్పారు, డ్రైవర్ లేని ట్యాక్సీల గురించి, కొత్త ఫ్లైఓవర్ల గురించి చెప్పారు. నడిచేవాళ్ల గురించి ఒక్క స్లయిడ్ కూడా లేదు. లేచి అడిగితే "అది వేరే విభాగం చూసుకుంటుంది" అన్నారు. ఆ వేరే విభాగం ఏదో ఇప్పటికీ తెలియలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాం.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. రేపటి కారు పెట్రోలుతో నడుస్తుందా, బ్యాటరీతోనా, దాన్ని మనిషి నడుపుతాడా, కంప్యూటరా అన్న ప్రశ్నల చుట్టూనే చర్చంతా తిరుగుతోంది. రోడ్డు మీద ఎవరికి ఎంత చోటు అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఆ ప్రశ్న వేయకుండా గీసే ప్రతి ప్లానూ కారు లేనివాళ్ల చోటును ముక్కలు ముక్కలుగా కారుకు రాసిచ్చేస్తోంది.

కార్లు వద్దని మేం అనడం లేదు. అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కారు కావాలి. నడవలేనివాళ్లకు కావాలి. బస్సు ముఖం చూడని పల్లెల్లో ఉన్నవాళ్లకు కావాలి. పాల ప్యాకెట్ కోసం, పిల్లను స్కూల్లో దింపడం కోసం కూడా కారు లేనిదే గడవని పరిస్థితిని ఎవరు తెచ్చిపెట్టారన్నదే మా బాధ.

ఇప్పుడు నడుస్తున్న దారిలోనే వెళితే మామూలు జనానికి ఏమవుతుందో వరుసగా రాస్తున్నాం.

1. ప్రాణాలు పోతున్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 11.9 లక్షల మంది చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల మరణాలకు ఏ జబ్బు కన్నా కూడా రోడ్డే పెద్ద కారణం. చనిపోయినవాళ్లలో సగానికి పైగా పాదచారులు, సైకిళ్ల మీద, మోటార్ సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. పది మరణాల్లో తొమ్మిది పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. ప్రపంచంలోని వాహనాల్లో ఆ దేశాలకున్న వాటా మాత్రం అంత లేదు. అంటే కారు సుఖం ఒకరిది, దాని దెబ్బ ఇంకొకరిది.

వీటిని "ప్రమాదాలు" అని అనేస్తున్నాం గానీ వీటిలో చాలావాటి లెక్క డ్రాయింగ్ బోర్డు మీదే తేలిపోతుంది. సిగ్నల్ దగ్గర రోడ్డు దాటే టైమునే తీసుకోండి. చాలా దేశాల్లో మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనే అంచనాతో ఆ టైము పెడుతూ వచ్చారు. 24 మీటర్ల వెడల్పున్న రోడ్డుకు ఆ లెక్కన 20 సెకన్లు చాలు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి సరిపోతుంది. మోకాళ్ల నొప్పులతో చేతికర్ర పట్టుకుని సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకు 30 సెకన్లు కావాలి. ఆవిడ పచ్చ బొమ్మ వెలగగానే అడుగు వేసినా సరే, అది ఆరిపోయేసరికి 16 మీటర్ల దగ్గర ఉంటుంది. ఇంకో 8 మీటర్లు, అంటే రెండు లేన్లకు పైనే మిగిలి ఉంటుంది. ఇంజిన్లు రేజ్ అవుతుంటాయి, హారన్లు మోగుతుంటాయి. ఆవిడ తప్పు ఇందులో ఏముంది? పది సెకన్లు ఇవ్వనిది మనమే. ఒకటి రెండుసార్లు ఇలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాక ఆవిడ గడప దాటడం మానేస్తుంది. అది ఏ ప్రమాదాల రికార్డులోనూ ఎక్కదు. గణాంకాల్లో ఆ క్రాసింగ్ "సురక్షితం" అనే కనిపిస్తుంది.

వేగం సంగతి కూడా అంతే. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50కి వేగం పెరిగితే గుద్దుకునే శక్తి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఇది బడి పుస్తకంలో ఉన్న లెక్కే. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ సగానికి పైగా వీధుల్లో వేగ పరిమితిని 30కి తగ్గించింది. వీధులను సన్నగా చేసింది, కెమెరాలు పెట్టింది, బస్సులు, ట్రాములు బాగుచేసింది. 2025 జులైకి ముందు ఏడాది కాలంలో ఆ నగరంలో రోడ్డు మీద ఒక్కరూ చనిపోలేదు. నార్వేలోని ఓస్లోలో 2019లో పాదచారిగానీ సైకిలిస్టుగానీ ఒక్కరూ చనిపోలేదు. వాళ్లు కార్లను నిషేధించలేదు. నెమ్మదిగా వెళ్లక తప్పని వీధులు కట్టారు.

2. రోడ్డు వెడల్పు చేసినా జామ్ తగ్గడం లేదు.

ట్రాఫిక్ ఎక్కువైందని రోడ్డు వెడల్పు చేస్తారు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. ఆ హాయిని చూసి బస్సెక్కేవాడు కారు కొంటాడు, దగ్గర్లో ఉండేవాడు దూరంగా ఇల్లు తీసుకుంటాడు, పొద్దున్నే వెళ్లేవాడు రద్దీ టైములోనే బయల్దేరతాడు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి కథ మొదటికి వస్తుంది. అమెరికాలో హ్యూస్టన్ నగరపు కేటీ ఫ్రీవే ఇందుకు పెద్ద పాఠం. 2008 నాటికి దాన్ని కొన్ని చోట్ల పక్క రోడ్లతో కలిపి 26 లేన్ల దాకా విస్తరించారు. 2011 నుంచి 2014 మధ్య అక్కడ ఉదయం రద్దీలో ప్రయాణ సమయం సుమారు 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది. జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి, అంతర్రాష్ట్ర రహదారులు ఎంత పెరిగితే వాటి మీద వాహనాల తిరుగుడు కూడా దాదాపు అంతే పెరుగుతోందని 2011లో చూపించారు.

తిరగేసి చూసినా ఇదే నిజం. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చోంగ్‌గ్యేచోన్ వాగు మీద రోజుకు లక్షకు పైగా వాహనాలు వెళ్లే ఎత్తు రహదారి ఉండేది. 2003లో దాన్ని కూల్చడం మొదలుపెట్టారు. 2005లో వాగును జనానికి తెరిచారు. మధ్యలో 2004లో బస్సు వ్యవస్థను మొత్తం మార్చారు. నగరం స్తంభించిపోతుందని భయపడ్డవాళ్ల అంచనా తప్పయింది. ఈ ఉదాహరణలు ఇంజినీర్లకు మాకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా ప్రతి బడ్జెట్‌లో ఇంకో ఫ్లైఓవర్ ఎందుకు వస్తోందో మాకు అర్థం కావడం లేదు. ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన ఫొటో ఉంటుంది, బస్సు పది నిమిషాలకొకటి రావడానికి ఫొటో ఉండదు. కారణం అదే అయితే చాలా బాధాకరం.

3. ఎలక్ట్రిక్ కారు పొగను తగ్గిస్తుంది, జాగాను తగ్గించదు.

ఎలక్ట్రిక్ వాహనాలను మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. 2024లో ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి, అంటే కొత్త కార్లలో ఐదింట ఒకటికి పైనే. నార్వేలో ఆ ఏడాది కొత్త కార్లలో దాదాపు పదింట తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. బస్టాప్‌లో నిలబడి పొగ పీల్చేవాళ్లం కాబట్టి ఈ మార్పు విలువ మాకు తెలుసు.

కానీ సైలెన్సర్ లేకపోయినా కారు కారే. రోడ్డు మీద అంతే చోటు ఆక్రమిస్తుంది, గుద్దితే అంతే దెబ్బ. బ్యాటరీ బరువు వల్ల కొన్ని కార్లు ఇంకా బరువెక్కాయి. టైర్లు అరిగి లేచే సన్నటి ధూళి ఎటూ పోలేదు. దీనికి తోడు కార్ల సైజు పెరిగిపోతోంది. ప్రపంచంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో దాదాపు సగం ఎస్‌యూవీలే. అమెరికాలో హైవే భద్రత మీద పరిశోధన చేసే బీమా సంస్థ 2023లో ఒక అధ్యయనం ఇచ్చింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి ముందుభాగం వాలుగా ఉన్న బండితో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. 40 అంగుళాలంటే మీటరు. నాలుగేళ్ల పిల్ల ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ పిల్ల బండి ముందు నిలబడితే సీట్లో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో ఒక్కసారి ఊహించండి. బండి కింద ఇంజిన్ ఉందా, బ్యాటరీ ఉందా అన్నది ఆ పిల్ల విషయంలో ఏమీ తేడా తేదు.

ఇంకో చిన్న సంగతి. ఛార్జింగ్ పెట్టెల్ని చాలా చోట్ల ఫుట్‌పాత్ మీదే పాతుతున్నారు. కేబుల్ అడ్డంగా పడి ఉంటుంది. వీల్‌చెయిర్ అక్కడే ఆగిపోతుంది. చూపు లేనివాళ్లు తట్టుకుని పడతారు. కారుకు కావలసిన వసతికి కూడా చోటు నడిచేవాడే ఇవ్వాలా?

4. డ్రైవర్ లేని కారు రేపు ఖాళీగా తిరిగితే?

ఇదేదో ఎప్పటికో వచ్చే ముచ్చట కాదు. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2020 అక్టోబర్ నుంచి స్టీరింగ్ దగ్గర మనిషి లేని ట్యాక్సీలు మామూలు జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2024 జూన్ నుంచి ఎవరైనా ఎక్కొచ్చు. ఈ సాంకేతికతలో మేలు ఉంది. యంత్రం తాగి నడపదు, నిద్రపోదు, ఫోన్ చూసుకోదు. చూపు లేనివాళ్లు ఒకరి మీద ఆధారపడకుండా వెళ్లొచ్చు. ఇది చిన్న విషయం కాదు.

అయితే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. మొదటిది బాధ్యత. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను పరీక్షలో ఉన్న స్వయంచాలిత కారు ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. 2023 అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దడంతో ఎగిరిపడ్డ ఒక పాదచారిని డ్రైవర్ లేని ట్యాక్సీ కొన్ని మీటర్లు ఈడ్చుకుపోయింది. ఆ కంపెనీ అనుమతిని రాష్ట్ర అధికారులు నిలిపేశారు. ఇలాంటివి జరిగినప్పుడు డేటా ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు జవాబు చెప్పాలి అన్నది అనుమతి ఇచ్చే ముందే రాసుకోవాలి. జరిగాక వెతుక్కుంటే ఆలస్యం అయిపోతుంది.

రెండోది ఇంకా పెద్దది, దాన్ని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. డ్రైవర్ జీతం లేదు, డ్రైవర్‌కు విసుగు లేదు. పార్కింగ్‌కు డబ్బు కట్టడం కన్నా కారును వీధుల్లో తిప్పుతూ ఉంచడమే చవక అనిపిస్తే? ఓనర్‌ను ఆఫీసులో దింపి ఖాళీగా ఇంటికి పోయి సాయంత్రం మళ్లీ ఖాళీగా వస్తే? ఒక మనిషి రాకపోకలకు రోడ్డు మీద నాలుగు ట్రిప్పులు. యాప్ ట్యాక్సీలు వచ్చిన కొత్తలో కూడా సొంత కార్లు తగ్గిపోతాయని, రద్దీ తగ్గుతుందని ఇలాగే ఆశ పెట్టుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో కౌంటీ రవాణా సంస్థ లెక్క తీస్తే 2010 నుంచి 2016 మధ్య అక్కడ పెరిగిన రద్దీలో దాదాపు సగం ఆ ట్యాక్సీల వల్లేనని తేలింది. నియమాలు ముందు, అనుమతులు తర్వాత. ఈ వరుస తప్పితే మళ్లీ సరిచేసుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పడుతుంది.

5. నిలబడి ఉన్న కారు కూడా చోటు తింటుంది.

పార్కింగ్ గురించి జీవితమంతా పనిచేసిన కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ చెప్పింది అందరికీ తెలిసిందే: సగటు కారు 95 శాతం సమయం కదలకుండా ఉంటుంది. అయినా ఇల్లు కట్టాలన్నా, షాపు కట్టాలన్నా ఇన్ని కార్లకు చోటు చూపించాలనే నిబంధన చాలా చోట్ల ఉంది. కారు లేనివాళ్లు కూడా అద్దెలో, సరుకుల ధరల్లో ఆ ఖర్చు మోస్తున్నారు. మెక్సికో సిటీ, అమెరికాలోని బఫెలో 2017లోనే ఈ కనీస పార్కింగ్ నిబంధన తీసేశాయి.

6. కారు లేనివాళ్ల బతుకు చిన్నదైపోతోంది.

ఇది మాకు అన్నిటికన్నా ముఖ్యమైన పాయింటు. మీ సర్వేలు ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి చేసే ప్రయాణాన్ని చక్కగా లెక్కపెడతాయి. పిల్లను స్కూల్లో దింపి, అక్కడి నుంచి పనికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మందుల షాపులో ఆగి, అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లి, కూరగాయలు పట్టుకుని ఇంటికి చేరే మనిషి ప్రయాణం వాటిలో ముక్కలైపోతుంది. చాలావరకు ఆ మనిషి ఆడమనిషే. ఆమె ఎక్కువగా నడుస్తుంది, బస్సెక్కుతుంది, రద్దీ లేని టైములో తిరుగుతుంది. ఆ టైములోనే కదా బస్సులు తగ్గించేది.

బస్సు సరిగ్గా రాకపోతే ఇంట్లోవాళ్లు తలకు మించిన అప్పు చేసి కారు కొంటారు. కంతులు, బీమా, పెట్రోలు, రిపేర్లు అన్నీ కలిసి ఆ ఇంటిని ఏళ్ల తరబడి కట్టేస్తాయి. "ప్రజలే కారు కోరుకుంటున్నారు" అని మీరంటారు. వేరే దారి లేనప్పుడు కొన్నదాన్ని కోరిక అనడం సరికాదు. కొనలేనివాళ్లు దూరంగా ఉన్న ఉద్యోగం వదులుకుంటారు, ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేస్తారు, ఆడపిల్లను పై చదువుకు పంపడానికి భయపడతారు. ఇవాళ హాయిగా కారు నడుపుతున్నవాళ్లు కూడా ఒకరోజు కంటిచూపు తగ్గో, చేయి వణికో స్టీరింగ్ వదలాల్సినవాళ్లే. అప్పటికి వాళ్ల ఇంటి ముందు బస్సు లేకపోతే, ఫుట్‌పాత్ లేకపోతే?

2030 నాటికి అందరికీ సురక్షితమైన, అందుబాటు ధరలో ఉండే రవాణా కల్పిస్తామని, మహిళలు, పిల్లలు, వికలాంగులు, వృద్ధుల అవసరాలను ప్రత్యేకంగా చూస్తామని 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మేం కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. మీ ప్రభుత్వాలు ఒప్పుకున్న మాటనే గుర్తుచేస్తున్నాం.

"జనం ఒప్పుకోరండీ" అన్నది మేం ప్రతి సమావేశంలో విన్న మాట. దీనికి సమాధానం చెప్పి డిమాండ్లలోకి వెళతాం.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నగరంలోకి వచ్చే కార్ల మీద రద్దీ రుసుము పెడతామంటే మొదట చాలామంది వ్యతిరేకించారు. అక్కడి పాలకులు 2005లోనే అదనపు బస్సులు వేశారు. 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా రుసుము వసూలు చేశారు. నగరంలోకి వచ్చే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. ఫలితాన్ని కళ్లారా చూశాక సెప్టెంబర్‌లో జరిగిన ఓటింగ్‌లో నగర ప్రజలు ఒప్పుకున్నారు. 2007లో అది శాశ్వతమైంది. సింగపూర్ 1975లోనే ఈ దారి పట్టింది, లండన్ 2003లో, న్యూయార్క్ 2025 జనవరిలో.

నెదర్లాండ్స్ వాళ్లకు సైకిల్ పుట్టుకతో వచ్చిందని అనుకుంటాం. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి "పిల్లల్ని చంపడం ఆపండి" అని అడ్డంగా కూర్చున్నారు. 1973 చమురు సంక్షోభం కూడా కలిసొచ్చింది. ఇవాళ మనం చూసే సైకిల్ దారులు ఆ పోరాటం వల్ల వచ్చినవి. స్పెయిన్‌లోని పొంతెవెద్రా 1999 నుంచి ఊరి నడిబొడ్డును నడిచేవాళ్లకు తిరిగి ఇచ్చేసింది. ఆ పని చేసిన మేయర్‌ను జనం మళ్లీ మళ్లీ గెలిపించారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బస్సులే సరిపోని చోట ముందుగా రుసుము పెడితే అది పేదవాడి నెత్తినే పడుతుంది. అందుకే మా డిమాండ్లలో బస్సు ముందు వస్తుంది, రుసుము తర్వాత వస్తుంది.

మా డిమాండ్లు ఇవి.

1. ఇళ్లు, బడులు, ఆస్పత్రులు, మార్కెట్లు ఉన్న వీధుల్లో వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లు చేయండి. బోర్డు పాతి వదిలేయకండి. లేన్ సన్నగా చేయడం, మలుపును ఇరుకు చేయడం, క్రాసింగ్‌ను ఎత్తు చేయడం వంటి పనులతో వేగం తగ్గేలా వీధిని మార్చండి.

2. ప్రతి సిగ్నల్ దగ్గర రోడ్డు దాటే టైమును సెకనుకు 0.8 మీటర్లు నడిచే మనిషిని బట్టి మళ్లీ లెక్కకట్టండి. ఆ తనిఖీకి ఇంజినీరుతో పాటు ఒక వృద్ధుడిని, వీల్‌చెయిర్‌లో వెళ్లే ఒకరిని తీసుకెళ్లండి, స్టాప్‌వాచ్ వాళ్ల చేతికి ఇవ్వండి. ఇంత చవకైన పని ఇంకోటి లేదు, ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు.

3. పెద్ద రోడ్లన్నిటి మీదా బస్సుకు ప్రత్యేక లేన్ ఇవ్వండి, సిగ్నల్ దగ్గర బస్సుకు ముందు దారి ఇవ్వండి. అమెరికా నగర రవాణా అధికారుల సంఘం లెక్క ప్రకారం ఒక లేన్‌లో కార్లయితే గంటకు 600 నుంచి 1,600 మంది వెళతారు. అదే లేన్ బస్సులకు ఇస్తే 4,000 నుంచి 8,000 మంది. బ్రెజిల్‌లోని క్యురిటీబా 1974లో, కొలంబియా రాజధాని బొగోటా 2000లో ఇది చేసి చూపించాయి. మెట్రో కట్టేంత డబ్బు లేదనుకునే నగరాలకు ఇదే దారి. టికెట్ ఉచితం చేయడం మంచిదే, కానీ రాని బస్సు ఉచితమైతే ఎవరికి లాభం? పొద్దున్నే కాదు, మధ్యాహ్నం, రాత్రి కూడా టైముకు రావాలి.

4. రోడ్డు విస్తరణకు, ఫ్లైఓవర్‌కు అనుమతి ఇచ్చే ముందు, కొత్తగా ఎంత ట్రాఫిక్ పుట్టుకొస్తుందన్న అంచనాను ప్రజల ముందు పెట్టండి. కట్టిన మూడేళ్లకు, ఐదేళ్లకు అసలు లెక్కను దాని పక్కనే ప్రచురించండి. ఏ విస్తరణలోనూ ఫుట్‌పాత్ వెడల్పు ఒక్క అంగుళం తగ్గకూడదు.

5. ఛార్జింగ్ స్తంభాలను పార్కింగ్ చోట్లలోనే పెట్టండి. ఇప్పటికే ఫుట్‌పాత్ మీద ఉన్నవాటిని జరపండి.

6. బండి బరువును బట్టి పార్కింగ్ రుసుము పెట్టండి. పారిస్ 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, అక్టోబర్ నుంచి బయటి నుంచి వచ్చే భారీ కార్లకు మూడు రెట్ల రుసుము అమలుచేస్తోంది. కొత్త బండ్ల బానెట్ ఎత్తుకు పరిమితి విధించే చట్టం తేవాల్సింది దేశ ప్రభుత్వాలే.

7. డ్రైవర్ లేని వాహనాలకు అనుమతి ఇచ్చే ముందు మూడు షరతులు పెట్టండి: ప్రమాదం జరిగితే మొత్తం డేటా వెంటనే ప్రభుత్వానికి ఇవ్వాలి, చట్టపరంగా కంపెనీయే జవాబుదారీగా ఉండాలి, ఖాళీగా తిరిగిన ప్రతి కిలోమీటరుకూ రుసుము కట్టాలి. రైలు, బస్సు స్టేషన్లకు మనుషుల్ని చేరవేసే సర్వీసులకు రాయితీ ఇస్తే మాకు అభ్యంతరం లేదు.

8. రవాణా సర్వేల్లో నడకను, సైకిల్‌ను, ఒకే ప్రయాణంలో చేసే నాలుగైదు పనులను లెక్కపెట్టండి. రవాణా ప్రణాళిక కమిటీల్లో బస్సు ప్రయాణికులకు, వికలాంగులకు ఓటుతో కూడిన సభ్యత్వం ఇవ్వండి. పిలిచి టీ ఇచ్చి పంపించే ఆహ్వానితులుగా రావడం మాకు ఇష్టం లేదు.

9. ఇవన్నీ కొంతవరకు జరిగిన నగరాల్లో రద్దీ రుసుము తీసుకురండి. వచ్చిన డబ్బంతా బస్సులకు, ఫుట్‌పాత్‌లకే వెళ్లాలని చట్టంలోనే రాయండి.

ఈసారి "పరిశీలనలో ఉంది" అన్న జవాబును మేం జవాబుగా తీసుకోం. పై తొమ్మిదింటిలో ఏది ఒప్పుకుంటారు, ఎప్పటిలోగా చేస్తారు, ఏది ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు అన్నది నంబరు వారీగా రాతపూర్వకంగా 60 రోజుల్లో ఇవ్వండి. ఒప్పుకోనివాటి మీద బహిరంగంగా చర్చకు పిలవండి, మేం లెక్కలతో వస్తాం. ఆ సమావేశాన్ని బస్సు వెళ్లే చోట, మెట్లెక్కే అవసరం లేని హాల్లో, సాయంత్రం పని ముగిశాక పెట్టండి.

ఇట్లు,
రోజూ నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్ల తరఫున